పద్నాలుగో ప్రశ్న

లాకర్ల గది, మధ్యాహ్నం విరామం
ఫిబ్రవరి 11

అక్కకి,

ఫోన్‌లో మనిద్దరం మూడో నిమిషానికల్లా పోట్లాడుకుంటాం కాబట్టి, నువ్వన్నట్టే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరంలో అయితే నన్ను చివరిదాకా మాట్లాడనివ్వక తప్పదు నీకు.

మా కంటి లేజర్ సెంటర్లో కొత్త రూలు వచ్చింది. ముందు కౌంటర్లో కూర్చునేవాళ్ళు కళ్ళజోడు పెట్టుకోకూడదట. జూన్ నెలాఖరు గడువు. సోమవారం మేనేజర్ మా ఐదుగురినీ వరసగా నిలబెట్టి, "అద్దాలు తీసేయించుకోండి అని చెప్పే మనిషి అద్దాల్లోంచి చెబితే ఎవరు నమ్ముతారమ్మా" అన్నాడు. ఐదుగురిలో అద్దాలున్నది నాకొక్కదానికే. మిగతా నలుగురూ నేల చూపులు చూశారు.

మూడు దారులున్నాయన్నాడు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవడం ఒకటి. మా దగ్గరే లేజర్ చేయించుకోవడం రెండోది. స్టాఫ్‌కి ఉచితమే, కాకపోతే రెండేళ్ళు మానకుండా పనిచేస్తానని సంతకం పెట్టాలి. రెండూ వద్దంటే వెనకాల ఫోన్ల గది. ఆ గదికి కిటికీ కూడా లేదక్కా. రేపు ఆపరేషనున్న వాళ్ళకి ఫోన్ చేసి, "తలస్నానం చేసి రండి, సెంటు పూసుకోకండి, కాటుక పెట్టుకోకండి" అని రోజంతా అదే పాట పాడుతూ కూర్చోవాలి. కౌంటర్లో ఎనిమిదేళ్ళు చేశాను. వచ్చే ఏడాది ఇన్‌ఛార్జిని చేస్తారని అందరూ అనుకుంటున్నారు. ఇప్పుడా గదిలోకి పోతే మళ్ళీ ముందుకి రావడం కల్ల.

ఆపరేషన్లు చేసే డాక్టరుగారికి సీసా అడుగుల్లాంటి అద్దాలున్నాయి. ఒకావిడ ఒకసారి అడిగేసింది కూడా, "మీరెందుకు చేయించుకోలేదండీ" అని. "నాకు నేనే ఎలా చేసుకుంటానమ్మా" అన్నారాయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సోమవారం మాత్రం ఆ మాట గుర్తొస్తే నవ్వు రాలేదు.

నలభై రెండేళ్ళు వచ్చాయి. తెల్లారి లేచి ముందుగా కళ్ళజోడు కోసం మంచమంతా తడుముకునే బతుకు నాది, నీది కూడా. ఏం చేయమంటావో చెప్పు. తిట్టకుండా చెప్పు.

చెల్లి


ప్రూఫుల గది, ప్రెస్ మేడ మీద
ఫిబ్రవరి 20

చెల్లాయికి,

నీ ఉత్తరంలో నాలుగు అక్షరదోషాలున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది ఇందులోనే పెట్టాను. ఇరవై ఆరేళ్ళ అలవాటు, చెయ్యి ఆగదు.

తిట్టొద్దన్నావు కాబట్టి నిన్ను తిట్టడం లేదు. మీ మేనేజర్ని తిడతాను, దానికి నీ అనుమతి అక్కర్లేదు. అద్దాలు పెట్టుకున్న మగవాణ్ణి చూస్తే చదువుకున్నవాడంటారు, అవే అద్దాలు ఆడదాని ముఖం మీదుంటే ఈవిడ పని అయిపోయిందంటారు. మీ డాక్టరు అద్దాల్లోంచే కత్తి పట్టచ్చు, నువ్వు మాత్రం అద్దాల్లోంచి "నమస్కారం" అనకూడదు. ఇది కంటిచూపు సంగతే కాదు. నీకేం కనబడుతోందన్నది వాళ్ళకి అక్కర్లేదు, నువ్వు ఎలా కనబడుతున్నావన్నదే కావాలి. నీ ముఖాన్ని వాళ్ళ గోడమీది పోస్టరు చేసుకుంటామంటున్నారు, పైగా ఆ పోస్టరు తయారీకి నీ కన్నే కోస్తామంటున్నారు, ఉచితంగా. రెండేళ్ళు పారిపోనని సంతకం పెట్టమన్నప్పుడే అర్థం కావద్దూ, అది ఏ రకం ఉచితమో?

కుదరదని చెప్పు, రాతలో ఇమ్మను. రాతలో ఇవ్వమంటే ఇలాంటి రూళ్ళలో సగం అక్కడే చస్తాయి. మిగతా నలుగురినీ నేల చూపులు మాని నీ పక్కన నిలబడమను.

లెన్సుల సంగతి నాకు తెలియదు. లేజర్ మాత్రం వద్దు. ఎందుకు వద్దో పదకొండేళ్ళ కిందటే వ్యాసం రాశాను, "నా కళ్ళజోడు నా ఇష్టం" అని. నీ దగ్గర కాపీ ఉండాలి. ఆడవాళ్ళు ఆ వ్యాసం కత్తిరించి ఆఫీసు గోడలకి అంటించుకున్నారు. నా కళ్ళజోడు ఎవరికో నచ్చలేదని నేను తీసెయ్యలేదు. నువ్వూ తియ్యకు.

అక్క


లాకర్ల గది
మార్చి 14

అక్కకి,

దిద్దిన ఉత్తరం అందింది. నా ఏడుపులో కూడా దీర్ఘాలు సరిచూసే మనిషివి నువ్వొక్కదానివే.

రాతలో ఇమ్మన్నాను. ఇచ్చాడు. "ముందు కౌంటర్ సిబ్బంది ముఖకవళికలు స్పష్టంగా కనిపించేలా ఉండవలెను" అని టైపు చేయించి, కింద స్టాంపు కొట్టించి మరీ ఇచ్చాడు. అందులో కళ్ళజోడు అన్న మాటే లేదు. ఇప్పుడేం చేయమంటావు? మిగతా నలుగురి సంగతి అడిగావు. ఇద్దరు లెన్సుల్లో ఉన్నారు, ఒకామె మా దగ్గరే లేజర్ చేయించుకుంది, నాలుగో అమ్మాయికి ఏ దోషమూ లేదు. నా పక్కన నిలబడి వాళ్ళు దేని గురించి కొట్లాడాలి? వాళ్ళకి రూలు తగల్లేదు. తగలని రూలుకి ఎవరూ నిలబడరక్కా, నీ వ్యాసాల్లో తప్ప.

నీ వ్యాసం మళ్ళీ చదివాను. బాగుంది, అప్పుడూ బాగుంది. కానీ ఒక్క మాటంటాను, కోపం తెచ్చుకోకు. మేడ మీద గదిలో కాయితాలకి ముఖం చూపించేదానివి నువ్వు. నీ ముఖం మీద ఏముందో ఆ కాయితాలు అడగవు. నా జీతం నా ముఖానికిస్తున్నారు. నాకూ అది నచ్చదు, అయినా అది నిజం. నచ్చనిదాన్ని అబద్ధం అంటే పోతుందా?

అందుకని లెన్సులు మొదలుపెట్టాను. మొదటిరోజు కన్ను పెద్దది చేసి, వేలి కొన మీద చెమ్మ బిళ్ళ పెట్టుకుని, అద్దం ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డాను. నా వేలు చూసి నా కన్నే భయపడింది. రెండుసార్లు వాష్‌బేసిన్‌లో పడింది. మూడోసారి అతుక్కుంది. తల ఎత్తి చూస్తే అద్దంలో నా ముఖం. అద్దాలు లేకుండా, మసక లేకుండా నా ముఖం నేను ఎన్నడూ చూసుకోలేదని అప్పుడు తెలిసింది. అద్దాలు తీస్తే నాకు నేను కనబడను, పెట్టుకుంటే కనబడేది అద్దాలు. ముక్కు మీద రెండు పక్కలా గుంటలున్నాయక్కా, చిన్న గింజలంత. నీకూ ఉంటాయి, ఎప్పుడైనా చూసుకున్నావా?

కాస్త సంతోషం వేసింది. దాన్ని కూడా దిద్దకు.

చెల్లి


ప్రూఫుల గది
ఏప్రిల్ 9

చెల్లాయికి,

ఆలస్యమైంది. పని మీద పని పడింది. స్కూలు పుస్తకాల కాలం ఇది. ఒక సైన్సు పుస్తకంలో "కాంతి కిరణాలు" ఉండాల్సిన చోట "కాంత కిరణాలు" అని అచ్చయిపోయింది. నా కళ్ళ కిందనుంచే దాటిపోయింది. పిల్లలు నవ్వుకుంటారు, పోనీ. మా ప్రెస్ యజమాని నవ్వలేదు. "మీ కళ్ళు చూపించుకోరాదూ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్నందుకే భయమేసింది. సాయంత్రం నాలుగు దాటితే "ర"కీ "ఠ"కీ తేడా తెలియడం లేదు. భూతద్దం పెట్టుకుని, ముక్కు కాయితానికి ఆనించి చదువుతున్నాను. మధ్యాహ్నం నా ముక్కు మీద సిరా మరక చూసి కంపోజింగ్ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది.

నీ మాట నిజమే. నా ముఖం ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నాకు ధైర్యం వచ్చింది. ఆ మాట పొద్దున్నించి నమిలి చూశాను, మింగుడుపడలేదు, కానీ అబద్ధం అనలేను. లెన్సులు సుఖంగా ఉంటే పెట్టుకో. నీ సంతోషాన్ని దిద్దలేదు, చూడు, ఎర్ర సిరా ఎక్కడా లేదు.

ఏసీ గదిలో కళ్ళు ఎండిపోతాయట, చుక్కల మందు వేసుకో. వాటితోనే నిద్రపోకు. ఎర్రబడితే ఆ క్షణమే తీసెయ్యి. ఎవరి కౌంటర్ ఎక్కడికీ పోదు.

లేజర్ జోలికి మాత్రం పోకు. వ్యాసంలో రాసినదానికి కాదు. ఇంకో సంగతి ఉంది, తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు ప్రూఫులు కిందికి పంపాలి.

అక్క


లాకర్ల గది
మే 17

అక్కకి,

ఎర్రబడింది, ఆ క్షణమే తియ్యలేదు. ఆరోజు టోకెన్లు తొంభై దాటాయి. కన్ను మండుతుంటే చుక్కలు వేసుకుంటూ, నవ్వుతూ కూర్చున్నాను. సాయంత్రానికి తీయబోతే లెన్సు రాదు. తీసేసరికి నల్లగుడ్డు మీద గీత పడిందట. వారం రోజులు చీకటి చేసుకుని పడుకున్నాను. పదహారేళ్ళ కూతురు చుక్కలు వేస్తూ, "కన్ను తెరువమ్మా, చిన్నపిల్లలా చేయకు" అని నన్ను కసురుకునేది. మళ్ళీ లెన్సులు నాకు పనికిరావన్నారు డాక్టరుగారు. కళ్ళు బాగా ఎండిపోతున్నాయట.

ఇక ఫోన్ల గదో లేజరో. అలసిపోయానక్కా. వాదించే ఓపిక లేదు, నీతోనూ లేదు, నాతోనూ లేదు. లేజరే చేయించుకుంటాను. తేదీ జూన్ 19.

స్కాన్ తీశారు. కంప్యూటర్లో నల్లగుడ్డు రంగురంగుల పటంలా కనబడుతుంది, పచ్చ, పసుపు, ఎరుపు. స్కాన్ తీసే అబ్బాయి కాసేపు చూసి, "పొర కొంచెం సన్నమే మేడం, హద్దులోనే ఉందిలెండి" అన్నాడు. ఫారం నేనే నింపుకున్నాను. ఇరవై ప్రశ్నలు. మా కంప్యూటర్లో అన్నింటికీ ముందే "లేదు" అని పడి ఉంటుంది, ఎవరైనా "ఉంది" అంటేనే మార్చాలి. నోటితో గబగబా చదువుతూ, వేలితో కిందకి నొక్కుకుంటూ పోతాం. రోజుకి తొంభై మందికి చదివిన ప్రశ్నలే కాబట్టి, నాకు నేను చదువుకోను కూడా లేదు. షుగరు, లేదు. గర్భం, లేదు. పద్నాలుగో ప్రశ్న, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా నల్లగుడ్డు పొర సన్నబడే జబ్బు, లేదు. ఇరవైకీ లేదే.

ఏప్రిల్లో ఏదో సంగతుందన్నావు. ఏమిటది? నీ తీరిక ఎప్పుడూ రాదు కదా.

చెల్లి


ఇంటి నుంచి
మే 29

చెల్లాయికి,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడు చింపేశాను. నిన్న పొద్దున ఫోన్ చేసి, నువ్వు హలో అనగానే పెట్టేసింది నేనే.

తేదీ వాయిదా వేసుకో. నన్ను నమ్మి వాయిదా వేసుకో. కారణం వచ్చి చెబుతాను.

అక్క


ఇంటి నుంచి, వంటగది బల్ల మీద
జూన్ 16

అక్కకి,

"నన్ను నమ్మి" అని రాశావు కాబట్టి వాయిదా వేసుకోలేదు. నమ్మి చేసే పనులకి ఓపిక లేదని రాశాను కదా.

మొన్న వచ్చి ఏం చేశావో నీకు తెలియకపోవచ్చు. కౌంటర్లో కూర్చున్న దాన్ని, నేను చెబుతాను విను.

పదకొండున్నరకి తల ఎత్తితే నువ్వు. చేతిలో టోకెన్, నలభై ఏడో నంబరు. నన్ను చూడ్డానికొచ్చావనుకున్నాను. లేచి రాబోతే నువ్వు కళ్ళతోనే కూర్చోమన్నావు. నా వెనకాల మేనేజర్ నిలబడి ఉన్నాడు, మాటతీరు ఎలా ఉందో చూసే రోజు అది. దాంతో నీకు "నమస్కారమండీ, కూర్చోండి" అనాల్సి వచ్చింది. సొంత అక్కని అండీ అన్నాను.

"లేజర్ చేయించుకుందామని వచ్చాను, ఫారం నింపండి" అన్నావు.

"అక్కా, ఏంటిది" అన్నాను గొంతు తగ్గించి.

"ప్రశ్నలు అడగండమ్మా, వెనక జనం ఉన్నారు" అన్నావు.

సరే, అడిగాను. వయసు, యాభై మూడు. పవరు, మైనస్ తొమ్మిది. గర్భవతా అని అడగ్గానే, "ఈ వయసులోనా తల్లీ, మా ఆయన వింటే మూర్ఛపోతాడు" అన్నావు. వరసలో వాళ్ళంతా నవ్వారు, మేనేజర్ కూడా నవ్వాడు. నేనూ నవ్వబోయాను. నవ్వుతూనే పద్నాలుగోది చదివాను.

నువ్వు నవ్వలేదు. "మా వాళ్ళ సంగతి తెలియదు. నాకుంది. పదకొండేళ్ళ నుంచి ఉంది. తోబుట్టువులకి చెప్పమన్నారు, చెప్పలేదు" అన్నావు.

వేలు మీట మీదే ఉంది నాది. "లేదు" అని పడి ఉంది తెర మీద.

ముప్ఫైమంది ముందు, మేనేజర్ ముందు, కౌంటర్‌కి చెప్పావక్కా. నాకు చెప్పలేదు. ఫిబ్రవరి నుంచి మూడు ఉత్తరాలు రాశావు, అందులో ముఖం గురించి రాశావు, పోస్టరు గురించి రాశావు, కాంత కిరణాల గురించి రాశావు. ఈ ఒక్క వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు. ఇరవై ఆరేళ్ళుగా ప్రపంచం తప్పులు దిద్దుతున్నావు.

డాక్టరుగారికి నేనే వెళ్ళి చెప్పాను. స్కాన్ మళ్ళీ తెప్పించుకుని చూశారు. "అక్కకి ఉందని ముందే తెలిస్తే తేదీ ఇచ్చేవాణ్ణే కాదు. సన్నగా ఉన్నదాన్ని ఇంకా చెక్కితే, తరవాత ముందుకి పొంగిపోవచ్చు. అప్పుడు అద్దాలు కూడా పనిచేయవు" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది లేకుండా ఆయన ముఖం నేను చూడ్డం అదే మొదలు. ముసలాయన.

నా కళ్ళ సంగతి అటుంచు. నా కూతురికి రెండేళ్ళలో మూడుసార్లు అద్దాలు మారాయి. ఫోన్ చూసి చూసి పాడుచేసుకుంటోందని కొట్టాను కూడా. నీకు తెలుసు, మారినప్పుడల్లా నీకు చెబుతూనే ఉన్నాను. "కారెట్లు పెట్టు" అన్నావు.

జవాబు రాస్తే రాయి. తొందరేం లేదు.

చెల్లి


ఇంటి నుంచి
జూలై 4

చెల్లాయికి,

ఇది ఒకేసారి రాస్తున్నాను, చింపను. తప్పులుంటే ఉండనీ.

పదకొండేళ్ళ కిందట నేను లేజర్ కోసం వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు, మీ బావకి కూడా. ఒక సభలో మాట్లాడి దిగుతుంటే వెనకాల ఎవరో "సోడాబుడ్డి ఆవిడ బాగా మాట్లాడింది" అన్నారు. మెచ్చుకుంటూనే అన్నారు. చిన్నప్పట్నించీ వింటున్న మాటే. ఆరోజు ఎందుకో గుచ్చుకుంది. సెలవు పెట్టి, మూడు బస్సులు మారి, ఎవరూ ఎరగని ఊరి ఆసుపత్రికి వెళ్ళాను. స్కాన్ తీసి, నా పొర సన్నబడి కోను మాదిరిగా పొంగుతోందనీ, లేజర్ ఎన్నటికీ కుదరదనీ చెప్పారు. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల. "మీ తోబుట్టువులకి, వాళ్ళ పిల్లలకి చెప్పండి, చూపించుకోమనండి" అని చీటీ మీద రాసి మరీ ఇచ్చింది.

తిరిగి బస్సెక్కేసరికి సిగ్గుతో ఒళ్ళు మండిపోతోంది. జబ్బుందని కాదు. వెళ్ళినందుకు. ఆ మంటలో రెండు నెలల తరవాత ఆ వ్యాసం రాశాను. "నా కళ్ళజోడు నా ఇష్టం." అందులో ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు, ఇప్పటికీ నిలబడతాను. కానీ తియ్యమని వెళ్ళి, తియ్యలేమంటే తిరిగొచ్చిన మనిషి రాసిన వ్యాసం అది. ఆ సంగతి అందులో లేదు. ఆడవాళ్ళు కత్తిరించి గోడలకి అంటించుకుంటుంటే, ఉత్తరాలు రాస్తుంటే, ఇంక ఆ చీటీ బయటికెలా తియ్యను? నీకు చెబితే ఎప్పుడు తెలిసిందంటావు, ఎందుకెళ్ళావంటావు. మొదటి ఏడాది మొహం చెల్లలేదు. తరవాత చెప్పకపోవడమే అలవాటైపోయింది.

ఫిబ్రవరిలో నీ ఉత్తరం రాగానే చెప్పచ్చు. ఒక్క వాక్యం. కానీ వాదించి గెలవచ్చనుకున్నాను. మేనేజరు అన్యాయం గురించి, ముఖాల మార్కెట్ గురించి సరిగ్గా చెబితే నీ అంతట నువ్వే లేజర్ వద్దంటావు, అప్పుడు నా సంగతి చెప్పక్కర్లేదు అనుకున్నాను. అన్యాయం నిజమే. దాని చాటున దాక్కున్నది నేను. నీ కన్ను పణంగా పెట్టి నా వ్యాసాన్ని కాపాడుకున్నాను. ఇంతకంటే మంచిగా చెప్పడం నాకు రాదు.

కౌంటర్లో ఎందుకు చెప్పానంటావా? ఇంటికొచ్చి నీ ఎదురుగా కూర్చుంటే మళ్ళీ ఉపన్యాసం మొదలుపెడతానని నాకు తెలుసు. ఫారం ముందు ఉపన్యాసాలు ఉండవు. అడిగినదానికి ఉందనో లేదనో చెప్పాలి, అంతే. నాకలాంటి ప్రశ్న కావలసి వచ్చింది.

అమ్మాయికి చూపించావా? అదొక్కటీ రాయి. మిగతాది నీ ఇష్టం.

అక్క


ఫోన్ల గది
ఆగస్టు 21

అక్కకి,

అమ్మాయికి స్కాన్ తీశారు. పొర బాగానే ఉంది, ఉత్త పవరే. ఏడాదికోసారి తప్పకుండా చూపించమన్నారు. ఆ మాట విన్నాక బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. "ఇప్పుడు బాగుందన్నారుగా, ఇంకా ఏడుపెందుకు" అంది అది. కొట్టినందుకు క్షమించమన్నాను. "ఏ దెబ్బ" అంది. అంటే చాలానే కొట్టానన్నమాట.

జూలై ఒకటి నుంచి ఫోన్ల గదిలో ఉన్నాను. కౌంటర్లో నా కుర్చీలో ఇరవై మూడేళ్ళ అమ్మాయి కూర్చుంది. పాపం, మంచిపిల్లే. ఇక్కడ ట్యూబులైటు ఒకటి టిక్కు టిక్కుమంటూ కొట్టుకుంటూ ఉంటుంది. గోడకి ఎదురుగా నాలుగు బల్లలు, నాలుగు ఫోన్లు. నా ముఖం గోడ తప్ప ఎవరూ చూడరు, నీ కాయితాల్లాగ.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం తగ్గిందని రాయలేను. అలసట ఎక్కువై కోపానికి చోటు చాలడం లేదు, అంతే. ఒక సంగతి మాత్రం చెప్పాలి.

రేపు ఆపరేషనున్న వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు, సెంటూ కాటుకా పాట అయ్యాక, ఒక ప్రశ్న మళ్ళీ అడుగుతున్నాను. "ఫారంలో పద్నాలుగో దానికి లేదని ఉందండీ. మీరు ఇంట్లో అడిగి చెప్పారా, మీకు మీరే చెప్పారా" అని. ఒక్కరంటే ఒక్కరు కూడా అడిగి చెప్పలేదక్కా. "అసలు అలాంటి ప్రశ్న ఉందా" అన్నవాళ్ళే ఎక్కువ. "ఈ సాయంత్రం అక్కలకీ అన్నలకీ ఫోన్ చేసి, మీకెవరైనా డాక్టరు ఇలా అన్నారా అని అడగండి. గట్టిగా అడగండి, మొదటిసారి చెప్పరు" అంటున్నాను. కొందరు విసుక్కుంటారు. ఒకాయన మర్నాడు పొద్దున్నే చేశాడు. వాళ్ళ తమ్ముడికి ఐదేళ్ళ కిందట అన్నారట. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని ఇంట్లో దాచారట. అన్నకి కూడా చెప్పకుండా దాచారు, చూడు. ప్రతి ఇంట్లోనూ నువ్వున్నావు.

రెండు వారాల్లో మూడు తేదీలు రద్దయ్యాయి. మేనేజర్ పిలిచాడు.

"ఏం అడుగుతున్నావమ్మా వాళ్ళని" అన్నాడు.

"ఫారంలో ఉన్నదే సార్" అన్నాను.

"ఫారంలో ఉన్నవి నింపడానికమ్మా, అడగడానికి కాదు" అన్నాడు. కోప్పడలేదు, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పాడు. ఇంకోసారి వింటే ఊరుకోనన్నాడు. తల ఊపి వచ్చాను. మధ్యాహ్నం మళ్ళీ అడిగాను. ధైర్యం అనుకోకు. అడక్కుండా ఫోన్ పెట్టేస్తే ఆ మనిషి గొంతు రోజంతా చెవిలో ఉంటోంది, అది భరించలేక.

నువ్వు ఆ వ్యాసం మళ్ళీ రాయాలి. వెళ్ళానని రాయాలి. నా మీద ప్రేమ ఉంటే రాయమనడం లేదు, అలాంటి మాటలు మనకి నప్పవు. నువ్వు కౌంటర్లో చెప్పిన వాక్యం చాలామందికి అవసరం, నీకే వాక్యాలు రాయడం వచ్చు.

చెల్లి


ప్రూఫుల గది
సెప్టెంబర్ 6

చెల్లాయికి,

రాశాను. "పదకొండేళ్ళ కిందట కళ్ళజోడు వదిలించుకుందామని వెళ్ళాను, కుదరదన్నారు, తిరిగొచ్చి కళ్ళజోడు నా ఇష్టమని రాశాను" అని మొదలవుతుంది. పత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. "ఎందుకండీ ఇప్పుడిది, మీ మాటకో విలువ ఉంది, చెడగొట్టుకుంటారా" అన్నాడు. చెడిపోయేది ఎప్పుడో చెడిపోయిందన్నాను. వేస్తానన్నాడు, వచ్చే సంచికలో.

మీ మేనేజర్ గురించి రాశాను, సెంటర్ ఏదో చెప్పకుండా. తెర మీద ముందే పడి ఉండే "లేదు" గురించి రాశాను. కానీ ఫారంలో ఉన్నవి నింపడానికే, అడగడానికి కాదని ఆయన నీతో అన్న ఆ మాట వెయ్యలేదు. రాసి, కొట్టేశాను. ఆ వాక్యం ఒక్కటీ ఉంటే వ్యాసం ఇంకేమీ లేకపోయినా నిలబడుతుంది. ఇన్నేళ్ళలో ఇంత మంచి వాక్యం నా చేతిలో పడలేదు. పాతిక పేజీలు రాసినా నేను చెప్పలేనిది ఆయన ఐదు మాటల్లో చెప్పాడు. కానీ ఆ గదిలో మీరిద్దరే ఉన్నారు. అచ్చులో చూడగానే ఎవరు మోశారో ఆయనకి తెలిసిపోతుంది. నీ ఉద్యోగం నా వ్యాసానికి అలంకారం కాదు. ఒకసారి నీ కన్నుతో ఆడాను, చాలు.

ఆ పేజీ 12వ తేదీన అచ్చుకు పోతుంది. నువ్వు వెయ్యమంటేనే ఆ వాక్యం వేస్తాను, వద్దంటే వద్దు. నిజానికి, వద్దనమనే రాస్తున్నాను.

ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికే కళ్ళు మసకబారిపోతున్నాయి. యజమాని ఇంకొక మనిషిని చూస్తున్నాడు. అది వేరే సంగతి.

అక్క


ఫోన్ల గది
సెప్టెంబర్ 9

అక్కకి,

పొద్దున నీ ఉత్తరం అందింది. 12కి చేరాలని ఇది కొరియర్లో పంపుతున్నాను.

పోతే పోనీ అనేంత ధైర్యం నాకు లేదు. ఈ ఉద్యోగం నాకు కావాలి, ఈ గది అయినా సరే. వాక్యం వేస్తే పోతుందేమో, వేయకపోయినా ఇంకో నాలుగు తేదీలు రద్దయితే ఎలాగూ పోతుంది. రెండు రకాలుగానూ లెక్క వేశాను, రాత్రిళ్ళు కాదు, ఇక్కడే, ఫోనుకీ ఫోనుకీ మధ్య.

నిన్న ఒకావిడకి చేశాను. స్కూలు టీచరు. పద్నాలుగోది అడిగితే, "మా అక్కని అడగాలంటే మేం మాట్లాడుకుని ఆరేళ్ళయిందమ్మా" అంది. "మాట్లాడక్కర్లేదు, ఇదొక్కటీ అడిగి పెట్టేయండి" అన్నాను. ఇంకా మళ్ళీ చేయలేదు. ఆవిడ ఆపరేషన్ ఇవాళ మధ్యాహ్నం మూడింటికి. ఇప్పుడు ఒంటిగంట దాటింది. నా ఫోన్ మోగుతోంది, ఆవిడో కాదో తెలియదు.

వాక్యం వేయి. ఉన్నదున్నట్టు వేయి, అందులో ఏమీ దిద్దకు.

చెల్లి